తలకట్టు కింద అల

ముందుకి జరగండర్రా. గోడవార కూర్చున్నవాళ్లు కూడా ఇలా చాప మీదికి రండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. ఆ పలక పక్కన పెట్టు. నువ్వు బలపం నోట్లోంచి తియ్యి. ఆఁ, ఇక వినండి.

పలాస స్టేషను రోడ్డులో నరహరి గారికి ఒక టైపు దుకాణం ఉండేది. ఒకపక్క జీడిపిక్కలు కాల్చే బట్టీ, ఇంకోపక్క సోడాలవాడు. పొద్దున్న తలుపు తియ్యడం పాపం, జీడిపొగ లోపలికొచ్చి మిషన్ల మీద కూర్చునేది. ఆయన మేనకోడలు లక్ష్మీకాంతం ముందు మీటలన్నీ గుడ్డతో తుడిచి, రిబ్బను బిగువు చూసి, ఆ తరవాతే కుర్చీ లాక్కునేది. పూజారింటి పిల్ల. శ్రీకాకుళం వెళ్లి టైపు పరీక్ష ప్యాసై వచ్చింది. ఆఫీసు కాగితాలు తెలుగులో ఉండాలన్న మాట అప్పుడప్పుడే గట్టిపడుతున్న రోజులవి. అర్జీ పెట్టాలన్నా, దస్తావేజుకి నకలు కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఆ దుకాణంలో రెండు మిషన్లు. ఇంగ్లీషుదానితో ఏ పేచీ లేదు. ఏ మీట నొక్కినా ఒక అక్షరం పడుతుంది, పైన కాగితాన్ని మోసే క్యారేజీ ఒక అడుగు జరుగుతుంది. రెండోది తెలుగుది. నరహరి గారు మద్రాసు నుంచి పాతది కొని తెప్పించారు. మన అక్షరాలకి తలకట్లూ గుడులూ ఉన్నాయి కదా, అక్షరం ఒకచోటా దాని తలకట్టు ఇంకోచోటా పడితే ఏం బాగుంటుంది? అందుకని ఆ మిషను చేసినవాళ్లు ఒక ఉపాయం పన్నారు. తలకట్టు మీట కొడితే కాగితం మీద గీత పడుతుంది గాని క్యారేజీ కదలదు. ఉన్నచోటే ఆగి ఉంటుంది. అప్పుడు అక్షరం కొడితే అది సరిగ్గా ఆ గీత కిందికి వచ్చి కూర్చుంటుంది, క్యారేజీ ముందుకి సాగుతుంది. మీరు పలక మీద అక్షరం రాసి పైన తలకట్టు పెడతారు. మిషను మీద ముందు తలపాగా వస్తుంది, దాని కిందికి మనిషి వస్తాడు. టైపు వాళ్లు ఆ మీటని డెడ్ కీ అంటారు. లక్ష్మీకాంతం ఆగుడు మీట అనేది.

ఒకరోజు కాశీబుగ్గ రైతొకాయన తన చేను మేసిన దున్నపోతు మీద అర్జీ రాయించుకోడానికి వచ్చాడు. దున్నపోతు అనే మాట దగ్గర ఆమె తలకట్టు కొట్టి, ఆయన రాసి తెచ్చిన చిత్తులో చేతిరాత తెలియక దాని మీదికి వంగింది. వీధిలో పోతున్న దున్నపోతు ఒక కాలు పైకెత్తి అలాగే ఉండిపోయింది. దాని చెవి మీది ఈగ కూడా రెక్కలు విప్పుకుని అలాగే ఉండిపోయింది. లక్ష్మీకాంతం చేతిరాత పోల్చుకుని అక్షరం కొట్టింది. దున్నపోతు కాలు కింద పెట్టి తన దారిన పోయింది. నరహరి గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆ మీట బిగుసుకున్నట్టుందే, కాస్త నూనె వెయ్యి అన్నారు.

ఆ తరవాత అందరికీ అలవాటైపోయింది. కుట్టుమిషను ఉన్నావిడ దగ్గరికి చిరిగిన రవికె పట్టుకెళ్లినట్టే జనం వచ్చేవారు. చంటిపిల్లకి ఫిట్సు వస్తే డాక్టరు వచ్చేదాకా ఆపమనేవారు. ఆగినదానికి ఆకలి ఉండదు, నొప్పి ఉండదు. నయమూ అవదు. అక్షరం కొట్టాక ఎక్కడ ఆగిందో అక్కడినుంచే మొదలవుతుంది.

ఆ మిషనుకి వెనక్కి నెట్టే మీట కూడా ఉంది. దాని సంగతి తెలిసింది మాత్రం ఒక అన్నదమ్ముల గొడవలో. పొలం గట్టు దగ్గర మాటా మాటా పెరిగి, తమ్ముడు పెట్టె సర్దుకుని కలకత్తా రైలు కోసం పలాస ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. అన్న దుకాణానికి పరుగెత్తుకొచ్చాడు. లక్ష్మీకాంతం 'అలిగిన తమ్ముడు' అని మొదలుపెట్టి, తమ్ముడి తలకట్టు దగ్గర ఆపి, వెనక్కి నెట్టే మీటతో 'అలిగిన' అనే మాట దాటేదాకా క్యారేజీని వెనక్కి తెచ్చి, అక్కడ తమ్ముడు అని కొట్టింది. అతను పెట్టె మోసుకుంటూ ఇంటికొచ్చి, నేనెందుకు స్టేషనుకి వెళ్లాను అన్నయ్యా అని అడిగాడు. ఏ మాట మీదుగా వెనక్కి వస్తే ఆ మాట అతనిలోంచి పోయింది. అన్నలోంచి మాత్రం పోలేదు. తను ఏమన్నాడో ఆయనకి అక్షరం అక్షరం గుర్తుంది, క్షమించమని అడగడానికి ఎదటివాడికి గొడవే తెలియదు. ఆ అన్న మొహం చూశాక లక్ష్మీకాంతం ఆ మీట జోలికి మళ్లీ పోలేదు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం గాలి మొదలైంది. రేకులు లేచిపోతున్నాయని సోడాలవాడు సీసాలు లోపల పెట్టుకుంటున్నాడు. మందస బస్సు దిగి ఒక ఆడమనిషి తడిబట్టలతో లోపలికి వచ్చింది. కాళ్ల నిండా ఇసక. మందస అవతల సరుగుడు తోటలు దాటాక ఉన్న బెస్తపల్లె గంగమ్మ తను. పొద్దున్న అందరితో పాటే ఆమె పెనిమిటి తెప్ప వేసుకుని వెళ్లాడు. సముద్రం పొంగింది. మిగతా తెప్పలన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, అతనిది రాలేదు.

"ఒక గీత గీసి ఆపీ తల్లీ," అంది గంగమ్మ. "తరవాత సంగతి తరవాత సూసుకుందుము."

పేరేమిటని లక్ష్మీకాంతం అడిగింది. గంగమ్మ మొగుడి పేరు నోటితో చెప్పదు. శ్రీకూర్మం గుడిలో సామి పేరే అంది. కాగితం ఎక్కించి లక్ష్మీకాంతం ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తీరం పొడుగునా కూర్మయ్యలు కొల్లలు. ఏ కూర్మయ్యని ఆపాలో తెలియాలి కదా. అందుకని ముందు 'గంగమ్మ భర్త' అని కొట్టి, కాస్త జాగా విడిచి, తలకట్టు మీట కొట్టి, వేడి గిన్నె మీంచి తీసుకున్నట్టు రెండు చేతులూ పైకి తీసుకుంది.

గీత ఒక్కటే కాగితం మీద నిలబడింది. కింద ఖాళీ.

"ఆగిందేటి?"

"ఆగింది," అంది లక్ష్మీకాంతం.

గాలి తగ్గాక గంగమ్మ మరిది ఢిల్లీరావు తెప్ప వేసుకుని వెతకడానికి వెళ్లాడు. మర్నాడు వచ్చి దుకాణం మెట్టు మీద కూర్చుని చూసిన సంగతి చెప్పాడు. అన్న కనిపించాడు. ఒడ్డుకి మరీ దూరం కాదు. తెప్ప మీద నిలబడి ఉన్నాడు, చేతిలో తెడ్డు, నోరు సగం తెరిచి ఉంది. అతని వెనక అల లేచి, తల మీదికి వంగి, తాటాకు పందిరిలా ఆగిపోయి ఉంది. చుట్టూ సముద్రం మామూలుగానే కదులుతోంది. ఆ నాలుగు బారల మేర మాత్రం చప్పుడు లేదు. నీటిబొట్లు గాలిలో పూసల్లా నిలబడి ఉన్నాయి. తాడు విసిరితే జారిపోయింది. చెయ్యి పెడితే నీళ్లు కొబ్బరిచిప్పలా గట్టిగా తగిలాయి.

ఆ రోజునుంచి తెలుగు మిషను మూతపడింది. ఎవరి మోచెయ్యీ తగలకుండా నరహరి గారు క్యారేజీని నూలుదారంతో కట్టేశారు. ఇంగ్లీషు మిషను మీద జీడిపప్పు షావుకార్ల కాగితాలు కొట్టుకుంటూ లక్ష్మీకాంతం రోజులు నెట్టింది. తెలుగు అర్జీలవాళ్లు వచ్చి, కట్టిన దారం చూసి, ఎవరో ఆగి ఉన్నారని తెలుసుకుని, ఏమీ అడక్కుండా టెక్కలి బస్సు ఎక్కేవారు.

ఒక భయం మాత్రం ఉండేది. స్టేషను దగ్గర కదా, గూడ్సు బండి పోయినప్పుడల్లా బల్ల అదిరేది. అదే వేళకి అక్కడ అల కూడా వణుకుతోందని ఢిల్లీరావు వచ్చి చెప్పాడు. అల అంచు నుంచి ఒక బొట్టు రాలి అన్న భుజం మీద పడిందట. ఆ సాయంత్రమే మావయ్యా మేనకోడలూ కలిసి బల్ల కాళ్ల కింద గోనెసంచులు మడిచి పెట్టారు. అప్పటినుంచీ బండి కూత వినిపిస్తే లక్ష్మీకాంతం ఎంత పనిలో ఉన్నా లేచి వెళ్లి, రెండు చేతులతో ఆ మిషనుని పట్టుకుని నిలబడేది. ఇనుము చల్లగా ఉండేది. కొన్నాళ్లకి ఆమె అరచేతులు ఉప్పగా అయ్యాయి. అన్నం కలుపుకుంటే వేరే ఉప్పు వేసుకోనక్కర్లేకపోయింది.

గంగమ్మ సంతరోజు సంతరోజుకీ ఎండుచేపల గంప పట్టుకుని వచ్చి, అది బయట పెట్టి, బెంచీ మీద కూర్చుని ఆ గీతని చూసిపోయేది. ఒకసారి ఢిల్లీరావు తెప్ప ఎక్కి అతని దగ్గరికి వెళ్లింది. ఆ పల్లెలో ఆడవాళ్లు తెప్ప ఎక్కరు. ఆవిడ ఎక్కుతుంటే కాదన్నవాడు లేడు. ఆమె కేక వేసింది. కేక ఆ గట్టినీళ్ల దగ్గరికి వెళ్లి తిరిగి తన చెవిలోకే వచ్చింది. అతను చూస్తున్నది ఒడ్డువైపు. ఆమె ఎదురుగా ఉన్నా ఆమెని దాటి ఒడ్డునే చూస్తున్నాడు.

ఇలా పుష్యం దాకా గడిచింది. మాఘం వచ్చింది. ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. తమలో ఒకడు నీళ్ల మీద ఉండగా ఎవరింటా పెళ్లి ముహూర్తం పెట్టరు. మామూలుగా అయితే సాయంత్రానికి అందరూ ఒడ్డుకి చేరతారు, ఆ కట్టుతో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు కూర్మయ్య రాడు, పోడు. కుదిరిన సంబంధాలన్నీ ఆగిపోయాయి. ఫాల్గుణం కూడా వెళ్లిపోయింది. ఎండలు ముదిరేసరికి ఆడపిల్లల తండ్రులు గొణుక్కోవడం మాని పైకే అనడం మొదలుపెట్టారు. గంగమ్మని ఎవరూ ఏమీ అనలేదు. ఆమె నూతి దగ్గరికి వస్తే తక్కినవాళ్లు బిందెలు తీసుకుని పక్కకి జరిగేవారు, అంతే.

ఒకనాడు ఢిల్లీరావు వచ్చాడు. ఎప్పుడూ మెట్టు మీద కూర్చునేవాడు, ఆరోజు నిలబడే ఉన్నాడు.

"పెద్దలు పంపినారు అమ్మగోరూ. అచ్చరం కొట్టీమన్నారు."

"కొడితే అల పడుతుంది," అంది లక్ష్మీకాంతం.

"తెలుసండి."

నరహరి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ముందుగా ఎవరి పెళ్లి ఆగింది నాయనా అని అడిగారు. ఢిల్లీరావు తల వంచుకున్నాడు. బారువ దగ్గర సంబంధం, పిల్ల తండ్రి ఇక ఆగనంటున్నాడు.

"నాదేనండి," అన్నాడు.

వదిన రాకుండా నేను మీట ముట్టుకోనని లక్ష్మీకాంతం చెప్పి పంపించేసింది. ఆ తరవాత చాలాసేపు ఇంగ్లీషు మిషను ముందు కూర్చుంది గాని ఒక్క అక్షరం కొట్టలేదు. వెనక్కి నెట్టే మీట సంగతి తనకి మొదటినుంచీ తెలుసు. దాని ఖరీదూ తెలుసు. చెప్పకుండా ఉంటే ఆ మనిషి చస్తాడు. చెబితే గంగమ్మ ఒప్పుకుంటుంది, అదీ తెలుసు.

మర్నాడు వదినా మరిదీ కలిసి మొదటి బస్సుకే వచ్చారు. లక్ష్మీకాంతం ఆ అన్నదమ్ముల కథ దాచకుండా చెప్పింది. క్యారేజీని వెనక్కి తెస్తే అల కూడా వెనక్కి దిగుతుంది. ఎంత వెనక్కి తెస్తే అతను బయటపడతాడో తనకి తెలియదు. దారిలో ఏముందో మాత్రం తెలుసు. గంగమ్మ లేచి వచ్చి మిషను మీదికి వంగింది. చదువు రాదు, వేలు పెట్టి చూపించమంది. లక్ష్మీకాంతం చూపించింది. ముందు ఈ ఖాళీ. దాని వెనక భర్త అన్న మాట. దాని వెనక నీ పేరు. ఆ వెనక ఇంకేమీ లేదు, కాగితం అంచు.

"అయితే దారికి అడ్డంగా నానే ఉన్నానన్నమాట," అని గంగమ్మ నవ్వింది. మరిది వైపు తిరిగి, "నీ పెల్లికి నా పెల్లి సదివించమంటావేటిరా?" అంది.

ఢిల్లీరావు కండువా నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆమె బెంచీని మిషను పక్కకి లాక్కుని కూర్చుంది. లక్ష్మీకాంతం దారం విప్పింది. విప్పుతుంటేనే మిషను లోపల్నుంచి సముద్రం హోరు వినిపించింది, శంఖం చెవిన పెట్టుకుంటే వినిపిస్తుందే, అలా. ఆమె వెనక్కి నెట్టే మీట ఒకసారి నొక్కింది. క్యారేజీ ఒక అడుగు వెనక్కి వచ్చి ఖాళీ మీద ఆగింది. గంగమ్మ కళ్లు మూసుకుని వింది.

"దిగనేదు."

భర్త అన్న మాట మీదికి క్యారేజీ వచ్చింది. ఆ మాట మీద ఒక్కో అడుగూ వేస్తుంటే గది చల్లబడింది. రోలరు కింద కాగితం తడిసింది. గంగమ్మ చెయ్యి బల్ల అంచుని పట్టుకుని ఉంది. ఆ మాట అయిపోయింది. హోరు కాస్త పలచబడినట్టు లక్ష్మీకాంతానికి అనిపించి ఆశగా చూసింది. సముద్రం గొంతు గంగమ్మకి తెలిసినట్టు తనకేం తెలుసు?

"ఇంకా నెత్తి మీదే ఉంది తల్లీ. ఆపకు."

ఇక మిగిలింది ఆమె పేరు. స్టేషనులో ఏదో బండి కూత వేసింది. అలవాటుగా లక్ష్మీకాంతం రెండు చేతులతో మిషనుని పట్టుకుంది, బండి పోయేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. అది పోయాక గంగమ్మే ఆమె చెయ్యి తీసి మీట మీద పెట్టింది. చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా, ఒక్కో అడుగే, తన పేరు మీదుగా క్యారేజీ వెనక్కి పోతుంటే ఆమె వింటూ ఉంది. కాగితం అంచు దగ్గర గంట మోగినట్టు చిన్న చప్పుడైంది. హోరు ఆగిపోయింది.

"దిగింది," అంది గంగమ్మ. "ఇప్పుడు పిలు."

లక్ష్మీకాంతం తలకట్టు కొట్టింది, దాని కింద అక్షరం కొట్టింది, ఆగకుండా పేరు పూర్తి చేసింది. వేరే చోటు లేదు, అందుకని కూర్మయ్య పేరు సరిగ్గా గంగమ్మ పేరు మీదే పడింది. రెండూ కలిసి నల్లగా అలుక్కుపోయాయి. ఏది ఎవరిదో ఎవరూ చదవలేరు.

ముగ్గురూ మందస బస్సెక్కారు. మందసలో దిగి, సరుగుడు తోటల్లోంచి నడిచి, పల్లె చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. ఒడ్డున కూర్మయ్య తెప్ప కర్రలు విప్పి ఆరబెడుతున్నాడు. తమ్ముణ్ని చూసి, ఏరా ఇంత సిక్కిపోయావేటి అని వీపు మీద చరిచాడు. ఆ తరవాత గంగమ్మ వైపు చూశాడు. కొత్తవాళ్లని చూసినప్పుడు మర్యాదగా దించుకుంటామే, అలా చూపు దించుకున్నాడు.

"ఈ అప్ప ఎవులురా?"

గంగమ్మే, ఈ ఊరిదాన్నే అని చెప్పి ఇంటివైపు నడిచింది.

పల్లె పెద్దలు సరుగుడు నీడలో కూర్చుని ముహూర్తాల మాట ఎత్తబోయి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూర్మయ్యని అడిగితే నాకింకా పెళ్లి కాలేదంటున్నాడు. పెళ్లికాని అన్న ఇంట్లో ఉండగా తమ్ముడి పెళ్లి ఏ పల్లెలోనూ చెయ్యరు. చివరికి ఒక ముసలాయన చుట్ట నేలకి రాసి ఆర్పి, ఆ గంగమ్మ ఉంది కదా, ఓపాలి ఆళ్లింటికి తీసుకెల్లి సూపండి, నచ్చితే సేసుకుంటాడు, నేకపోతే నేదు అన్నాడు. అంతకన్నా మంచిమాట ఎవరికీ తోచలేదు.

అలా కూర్మయ్య, పెళ్లితో పాటే మరిచిపోయిన తన ఇంటికే పెళ్లిచూపులకి వచ్చాడు. లక్ష్మీకాంతం గుమ్మం పక్కన కూర్చుని ఉంది. ఆ ఇంటి దూలం బాగా కిందికి ఉంటుంది, కొత్తవాళ్లెవరైనా నుదురు కొట్టుకుంటారు. కూర్మయ్య చూడకుండానే తల వంచి లోపలికి వచ్చి, మూలనున్న పీట వాల్చుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక, పరాయి ఇంట్లో అడక్కుండా పీట తీసుకున్నందుకు సిగ్గుపడ్డాడు. గంగమ్మ పళ్లెంలో అన్నం పెట్టి, చింతకాయ వేసి వండిన చేపల పులుసు పోసి, ముందు పెట్టింది.

అతను పళ్లెం ముట్టుకోలేదు. పొయ్యివైపు చూస్తున్నాడు. పొయ్యిలో బూడిద పేరుకుని పేరుకుని, రాళ్లు మునిగి, గట్టు దాటి నేల మీదికి వచ్చింది. ఆ బూడిద మీదే ఆమె ఇన్నాళ్లూ వండుకుంది. ఇంటి మగవాడు నీళ్ల మీద ఉన్నంతసేపూ పొయ్యిలో బూడిద ఎత్తకూడదని ఆ తీరంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. కూర్మయ్యకీ తెలుసు.

"మీ ఇంట ఎవులు నీల్ల మీదున్నారు?" అని అడిగాడు.

"ఒచ్చీసినాడు."

"మరి బూడిద ఎత్తనేదేటి?"

గంగమ్మ పులుసుగిన్నె మీద మూత పెట్టింది. "ఒచ్చినోడు అన్నం తినాల. తిన్నాక ఎత్తుతాను."

కూర్మయ్య ఆ బూడిదని చూశాడు, ఎదురుగా ఉన్న పళ్లేన్ని చూశాడు. ఆమె మొహం వైపు మాత్రం చూడలేదు. గుమ్మంలో లక్ష్మీకాంతం తన వేళ్లని ఒళ్లో కట్టేసుకుని కూర్చుంది. బయట సముద్రం ఒక అల వేసింది, దాని వెనక ఇంకొకటి వేసింది. అతను నెమ్మదిగా చెయ్యి కడుక్కుని, అన్నం కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గంగమ్మ లేచి చీపురు కోసం వెళ్లింది.

ఆ తరవాతేమిటని నన్ను చూడకండి. అతనింకా తింటున్నాడు, తినేవాణ్ని కదపకూడదు. మీ ఇళ్లలోనూ ఈపాటికి కంచాలు వాల్చి ఉంటారు. చాప చుట్టి ఆ మూల పెట్టి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెళ్లి, వేడిగా ఉండగానే తినండి.